మానవుని కొఱతయు దేవుని కృపయు



ఏటేట వెలువడు ఈ పత్రికయందు మన పాఠశాల పొందిన జయములు వరుసగా నుండును. పరీక్షలలో ప్రథమశ్రేణి నందినవారి పేర్లు, పరుగుపందెములలోను వక్తృత్వపు పోటీలలోను బహుమానములు గెలిచినవారి పేర్లు, దాతలకు వందనములు, ఇవి యన్నియు నుండవలసినవే, చదివి సంతోషింపవలసినవే. అయితే ఈ యేడు మనమాడిన అబద్ధము లెన్ని, తోటివారిని నొప్పించిన మాట లెన్ని, ఉపాధ్యాయులమైన మేము పక్షపాతము చూపిన దినము లెన్ని? ఆ పట్టిక యే పుటయందును కానరాదు. దానిని అచ్చువేయబూనినయెడల ఈ పత్రిక చాలదు. అచ్చుకాని ఆ పట్టికనుగూర్చియే నేనీ నాలుగు మాటలు వ్రాయదలచితిని.

మనుష్యునికి కొఱత గలదను సంగతిని ఎవరును కాదనరు. "మనుష్యమాత్రులము గదా" అని మనమందఱము అనుచునే యుందుము. కాని ఆ మాటను మనము తప్పు నొప్పుకొనుటకు గాక తప్పించుకొనుటకే తఱచుగా వాడుచున్నాము. లోకమందెల్ల కొఱత గలదని చెప్పుట సులభము. "నిన్న సాయంకాలము నేను చేసినది తప్పు" అని చెప్పుట కష్టము. మొదటిది సామెత వంటిది, రెండవది ఒప్పుకోలు. గురివిందగింజ తన క్రింది నలుపు నెఱుగదని పెద్ద లందురు. నా యనుభవములో మనుష్యుడు గురివిందకంటె ఒక మెట్టు క్రిందనే యున్నాడు. అతడు తన నలుపు నెఱుగును. ఎఱిగి, ఎఱుపు వైపే పైకి త్రిప్పి కూర్చుండును.

మిషను పాఠశాలలో చదువుకొను మనకు ఈ శోధన మఱింత ఎక్కువ. ప్రతి ఉదయమున ప్రార్థనతో పని మొదలుపెట్టుదుము. వేదపాఠము విందుము. ఇట్లు మంచిమాటలు వినుచుండగా వినుచుండగా మనము మంచివారమే యను భ్రమ మెల్లమెల్లగా ప్రవేశించును. ఆ భ్రమ ప్రవేశించినపిమ్మట మన తప్పును దాచుట యొక విధిగా తోచును. "క్రైస్తవుడై యుండియు ఇట్లు చేసెనా?" అని లోక మనునేమో యని జంకి, చేసిన దానిని చేయలేదనుట నేర్చుకొందుము. దేవుని నామమునకు అపకీర్తి రాకుండ కాపాడుచున్నామనుకొని, నిజముగా మన నామమునే కాపాడుకొనుచుందుము.

ఇందుకు మూలకారణము, కృప యను మాటను మనము సరిగా గ్రహింపకపోవుటయే యని నా యభిప్రాయము. పాఠశాల మార్కులతో నడచును. చదివినవానికి మార్కులు వచ్చును, చదువనివానికి రావు, అది న్యాయమే. కాని పది పండ్రెండేండ్లు ఈ న్యాయముక్రింద పెరిగిన పిల్లవాడు దేవుని సయితము ఒక గొప్ప పరీక్షాధికారిగా ఊహించుకొనును. కృప యన్నప్పుడు, తక్కువపడిన రెండు మూడు మార్కులను కలిపి గట్టెక్కించు దయ యని తలంచును. సువార్త బోధించు కృప ఇట్టిది కాదు. అది తక్కువపడినవానికిచ్చు చిల్లర కాదు. చేతిలో నేమియు లేనివానికి తండ్రి యిచ్చు స్వాస్థ్యము. లూకా సువార్త పదునైదవ అధ్యాయములో ఇల్లు విడిచిపోయిన కుమారుడు కూలివానిగానైన నన్ను ఉంచుమని వేడుకొనవలెనని మాటలు కూర్చుకొని వచ్చెను. తండ్రి ఆ విన్నపమును పూర్తిగా చెప్పనైన చెప్పనీయలేదు. కాబట్టి కృప మనము మంచివారమని నిరూపించు యోగ్యతాపత్రము కాదు. మన తప్పును తప్పని చెప్పుకొనుటకు చాలిన ధైర్యమును మనకిచ్చునదే కృప.

పేతురు సంగతి చూడుడు. ప్రభువును ఎఱుగనని అతడు ముమ్మారు బొంకిన సంగతి నాలుగు సువార్తలలోను వ్రాయబడియున్నది. ఆదిసంఘములో అతడెంత పెద్దవాడో మన మెఱుగుదుము. తమ పెద్ద పడిన ఘడియను దాచవలెననుకొన్నయెడల ఆ కాలమువారు దాచియుండవచ్చును. వారు దాచలేదు. అంతమాత్రమే కాదు. పెంతెకొస్తు దినము గడచిన పిమ్మట సయితము పేతురు మరల తొట్రుపడెను. అంతియొకయలో అన్యజనులతో కలసి భోజనము చేయుచుండినవాడు, యాకోబు నొద్దనుండి కొందఱు రాగానే వారికి భయపడి పంక్తినుండి వెనుదీసెను. పౌలు అందఱియెదుట అతనిని నిలువరించి అడిగిన వృత్తాంతము గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమున గలదు. ఎవరితో కూర్చుండి భుజింపవలెను, ఎవరితో భుజింపరాదు అను ప్రశ్న మన దేశములోను, మన సంఘములలోను ఎంత లోతుగా నాటుకొనియున్నదో తెలిసినవారికి ఈ వృత్తాంతము పరదేశపు కథగా తోచదు. కృప పొందినవాడు వెంటనే కొఱతలేనివాడు కాడు. అయితే గద్దింపు వినదగినవాడగును.

దీనికి సాక్ష్యముగా చరిత్రలోనుండి ఒక మనుష్యుని జీవితమును కొంచెము విపులముగా చెప్పెదను. "అమేజింగ్ గ్రేస్" అను ఆంగ్లకీర్తన మీలో ననేకులు వినియుందురు. దానిని రచించిన జాన్ న్యూటన్ 1725లో లండను నగరమున పుట్టెను. భక్తురాలైన తల్లి యతనికి చిన్ననాడే వాక్యము నేర్పెను గాని, అతనికి ఏడేండ్లు నిండకమునుపే క్షయరోగముచే గతించెను. పదునొకండేండ్లకే తండ్రితో ఓడ యెక్కెను. యౌవనములో దేవదూషకుడై తిరిగెను. బలవంతముగా యుద్ధనౌకలో చేర్పబడి, పారిపోయి, పట్టుబడి కొరడాదెబ్బలు తినెను. పిమ్మట ఆఫ్రికా పశ్చిమతీరమున బానిసల వర్తకుల కొలువులో చేరి, తానే బానిసవలె ఆకలిదప్పులతో అలమటించెను. 1748 మార్చి నెలలో అతడెక్కిన గ్రేహౌండ్ అను ఓడ అట్లాంటికు సముద్రములో పెనుతుపానులో చిక్కుకొనెను. నీళ్ళు తోడుచు, చుక్కాని పట్టుచు, చావు నెదుట చూచిన ఆ దినమున అతడు దేవుని కరుణను తలంచెను. నాలుగు వారముల పిమ్మట శిథిలమైన ఆ ఓడ ఐర్లండు తీరమును చేరెను. తాను బ్రదికినంతకాలము న్యూటన్ ఆ దినమును మఱువక స్మరించుచుండెను.

మన ప్రసంగములలో ఈ కథ సాధారణముగా నిక్కడనే ముగియును. తుపాను వచ్చెను, పాపి మారెను, కీర్తన పుట్టెను అని చెప్పి కూర్చుందుము. నిజమైన చరిత్ర అట్లు లేదు. తుపాను తరువాతనే న్యూటన్ బానిసల ఓడలకు నాయకుడయ్యెను. 1750 మొదలు 1754 వఱకు మూడుమార్లు ఆఫ్రికా తీరమునకు పోయి, మనుష్యులను కొని, ఓడ అడుగుభాగమున సంకెళ్ళతో బంధించి, సముద్రము దాటించి అమ్మించెను. ఆదివారములందు నావికులను కూర్చుకొని దైవారాధన జరిపించెను. పైన ప్రార్థన; క్రింద సంకెళ్ళ చప్పుడు. ఆ రెంటికిని గల విరోధ మతనికి అప్పుడు కానరాలేదు. 1754లో అతడు సముద్రయానము మానినది కూడ మనస్సాక్షి గద్దించుటచేత కాదు, ఆకస్మికముగా వచ్చిన వ్యాధిచేత.

తరువాత 1764లో అతడు గురువుగా అభిషిక్తుడై ఓల్నీ యను చిన్న పట్టణమున బీదజనులమధ్య పరిచర్య చేసెను. 1773 నూతనసంవత్సర దినపు ఆరాధనకై ఆ కీర్తన వ్రాసెను. 1779లో అది ఓల్నీ కీర్తనల సంపుటమున అచ్చుపడెను. కీర్తన వ్రాసినప్పటికిని తన పాత వర్తకమునుగూర్చి అతడు లోకమునకు చెప్పవలసిన మాట చెప్పలేదు. 1788లో, ఓడ దిగిన ముప్పదినాలుగేండ్లకు, ఆఫ్రికా బానిసవర్తకమునుగూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఓడలలో తాను కన్నులార చూచిన ఘోరములను దాచక వ్రాసెను. తానును అందులో పాలివాడనని ఒప్పుకొని, ఈ యొప్పుకోలు మిక్కిలి ఆలస్యముగా వచ్చినదని తానే చెప్పుకొనెను. పిమ్మట పార్లమెంటువారి విచారణలో సాక్ష్యమిచ్చెను. ఆ వర్తకమును మాన్పించుటకు పార్లమెంటులో ఏండ్లతరబడి పోరాడిన విల్బర్‌ఫోర్స్ 1785లో, మనస్సు కలతపడియున్నప్పుడు, ఈ న్యూటను నొద్దకే ఆలోచనకు వచ్చియుండెను. 1807లో బ్రిటిషు సామ్రాజ్యమున బానిసవర్తకము శాసనమువలన నిషేధింపబడెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే న్యూటన్ కన్నుమూసెను.

ఇప్పుడు రెండు ఆక్షేపణలు పుట్టవచ్చును. మొదటిది: "ఇట్టి ఘోరపాపికిని కృప దొరకినయెడల పాపమునకు వెలయేమున్నది? ఇష్టమువచ్చినట్లు చేసి, పిదప క్షమింపుమని వేడుకొనవచ్చును గదా?" ఈ ప్రశ్న క్రొత్తది కాదు, రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు దీనిని తానే యెత్తి, తానే త్రోసివేసెను. కృప పాపమును చులకన చేయునదైనయెడల న్యూటన్ నోరుమూసికొని సుఖముగా నుండవచ్చును. అప్పటికి అతడు అరువదేండ్లు దాటిన గౌరవనీయుడైన గురువు. అతనిని నిలదీసి అడుగువారు లేరు. కృపయే యతనిని ఊరకుండనీయలేదు. క్షమింపబడుదుననెడి నిశ్చయము లేనివాడు తప్పును దాచును. ఆ నిశ్చయము గలవాడు వెలుగులోనికి తెచ్చును.

రెండవ యాక్షేపణ మఱింత బరువైనది: "న్యూటనుకు సమాధానము కలిగెను, సరే. అతని ఓడలో పోయినవారి సంగతి యేమి?" దీనికి నేను తేలికగా ప్రత్యుత్తరము చెప్పజాలను. ఆ మనుష్యుల పేర్లు చాలవఱకు మనకు తెలియవు. అతని పశ్చాత్తాపము వారిలో నొక్కని సంకెలనైనను వెనుకకు పోయి ఊడదీయలేదు. కృప పాపిని క్షమించును గాని, జరిగిన కీడు జరుగనట్లు చేయదు. అందుచేతనే సువార్తలో జక్కయ్య క్షమాపణతో తృప్తి నొందక, ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు నష్టపడినవారికిని ఇచ్చెదననెను. కృప నిజముగా వచ్చిన చోట నష్టపరిహారమునకు కాళ్ళు వచ్చును. తీర్చగలిగినది తీర్చవలెను, తీర్చలేనిదానిని తేలికపఱుపక మోయవలెను. న్యూటన్ తన తుదిదినములవఱకు ఆ బరువును మోసెను.

ఓడలు, పార్లమెంటులు మనకు దూరమని మీరనవచ్చును. కావున తరగతిగదిలో జరిగినదే యొకటి చెప్పెదను. ఇది నాకు ఖ్యాతి తెచ్చునది కాదు.

కొన్నేండ్లక్రిందట వేఱొక ఊరి పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు బోధించుచుంటిని. "మా ఊరి చెఱువు" అను విషయముపై వ్యాసము వ్రాసి తెండని పిల్లలకు చెప్పితిని. వెనుకబల్లమీద కూర్చుండు ఒక బాలుడు, ఎన్నడును ఉత్తీర్ణుడు కానివాడు, రెండు పుటలు వ్రాసి తెచ్చెను. చీకటి రాత్రి తూము దగ్గఱ నిలిచి, నీటి చప్పుడునుబట్టియే ఏ మడి నిండినదో, ఏ మడి ఇంక దప్పిగొనియున్నదో చెప్పగల ముసలివానినిగూర్చి అందులో నుండెను. అట్టి మాటలు ఆ బాలునివి కావని నేను నిశ్చయించితిని. తరగతి యెదుట అతనిని నిలువబెట్టి, "వ్రాత నీదే గాని మాట నీది కాదు. ఎక్కడ దొంగిలించితివి?" అని అడిగి, సున్న వేసితిని. పిల్లలు నవ్విరి. బాలుడు మాటాడలేదు. విద్యార్థి యేదైన అనుకొననిది వ్రాసినప్పుడు అది యెక్కడనుండి వచ్చెనో ఓపికగా విచారింపవలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చినవాడనే. నేర్చినది ఆ నిమిషమున నాకు అక్కఱకు రాలేదు.

రెండు నెలల తరువాత ఒక ఆదివారము ఆ బాలుని గ్రామమునకు ఆరాధనకు పోవలసివచ్చెను. సాయంకాలము చెఱువుకట్టమీద నడచుచుండగా ఊరి నీరుగంటి యొకడు, డెబ్బది యేండ్ల వృద్ధుడు, నాతో మాట కలిపెను. తూము వైపు చేయి చూపి, నీటి చప్పుడు మారు విధమును నాకు చెప్పసాగెను. రెండు వాక్యములు వినునప్పటికే నా కాళ్ళక్రింద కట్ట కదలినట్లయ్యెను. ఆ వృద్ధుడు ఆ బాలుని తాత.

మరునాడు ఆ బాలుని ఉపాధ్యాయుల గదికి పిలిపించి, నేను పొరపడితిననియు, మార్కులు సరిచేసితిననియు మెల్లగా చెప్పితిని. అతడు తలవంచుకొని, "మీరు అన్నది తరగతిలో అందఱి ఎదుట గదండీ, మాస్టరుగారూ!" అనెను. నాకు ముందుగా కలిగినది పశ్చాత్తాపము కాదు, కోపము. ఇంత దిగివచ్చినను చాలదా యనుకొంటిని. పది దినములు గడచెను. ఆ దినములలోనే ఉదయప్రార్థనకూటములో చెప్పుటకై న్యూటన్ చరిత్రను సిద్ధపఱచుకొనుచుంటిని. ముప్పదినాలుగేండ్లు అను అంకె వ్రాయునప్పుడు కలము ఆగిపోయెను. ఆ మనుష్యుని ఆలస్యమును ఇతరులకు బోధింప బూనిన నేను పది దినములనుండి చేయుచున్న దేమి?

మఱునాడు తరగతిలో నిలిచి జరిగినదంతయు చెప్పి, ఆ బాలుని పేరుపెట్టి క్షమాపణ వేడితిని. చెప్పునప్పుడు నా గొంతు వణకెను. అద్భుతమేమియు జరుగలేదు. అతడు కన్నీరు పెట్టుకొనలేదు; నన్ను పొగడలేదు. ఆ వ్యాసమును తిరిగి యిమ్మని మాత్రమడిగెను. ఎందుకనగా, తాతకు చదువురాదు గనుక చదివి వినిపించెదననెను. అయితే ఆ తరగతిలో నొక మార్పును కొలదిదినములకు గమనించితిని. "ఈ లెక్క నేను ప్రక్కవాని పుస్తకములో చూచి వేసితినండి" అని ఎవరును అడుగకుండనే చెప్పు పిల్ల లొకరిద్దఱు కనబడిరి. భయము కొంత తగ్గెను. భయము తగ్గినందున క్రమశిక్షణ చెడలేదు, అబద్ధములు తగ్గెను.

కావున విద్యార్థులారా, మీ తప్పును మీరే ముందుగా చెప్పుకొనుట నేర్చుకొనుడు. తప్పు చేసినవాడు మీలో తక్కువవాడని తలంపకుడు. దాచినవాడు బలవంతుడనియు తలంపకుడు. తలిదండ్రులారా, మీ పిల్లలు తప్పు నొప్పుకొన్న దినమున శిక్షకంటె ముందుగా వారి నిజమును మన్నింపుడు. ఆ నిజము మొదటిసారి దెబ్బలతో ఎదుర్కొనబడినయెడల రెండవసారి మీ గడప తొక్కదు. నా తోటి ఉపాధ్యాయులారా, పిల్లల పుస్తకములలో ఎఱ్ఱసిరాతో దిద్దుటకు మనకు అధికారము గలదు. ఆ సిరా బుడ్డిలో ఒక బొట్టైనను మన కొఱకు మిగుల్చుకొందము. అందఱియెదుట చేసిన అన్యాయమును గది తలుపులు మూసి దిద్దలేమని ఒక పల్లెబాలుడు నాకు నేర్పెను.

మన పాఠశాలలో క్రైస్తవులు కాని బాలబాలికలును, వారి పెద్దలును అనేకులు గలరు. వారితో నేను నిజము చెప్పవలెను: క్రైస్తవులమగుటచేత మేము మీకంటె మంచివారమని నేను చెప్పజాలను. చెప్పినను మీరు నమ్మరు. మమ్మును ప్రతిదినము చూచుచున్నవారు గదా! నేను చెప్పగలిగిన దొక్కటే. నా కొఱతను నాకంటె బాగుగా ఎఱిగియు నన్ను త్రోసివేయని ప్రభు వొకడు గలడని నేను కనుగొంటిని. ఆయన సన్నిధిలో గురివిందగింజను త్రిప్పి పట్టుకొనవలసిన పనిలేదు.

వచ్చు సంవత్సరపు పత్రికలో కూడ మన జయముల పట్టిక యచ్చగును గాక. అచ్చుకాని పట్టికలో ఒకటి రెండు పంక్తులైనను ఈలోగా మనచేతులతోనే దిద్దబడి, నష్టపడినవారికి వారి న్యాయము తిరిగి చేరునట్లు దేవుడు మనకందఱకును సహాయము చేయును గాక. ఆమేన్.